తక్కువ బరువు బిడ్డకు ఏది మేలు: బాక్సా, అమ్మ ఎదా?

ములుగు వైపు నుంచో, భూపాలపల్లి వైపు నుంచో నెలలు నిండకుండానే నొప్పులొచ్చి వరంగల్‌కు తీసుకొచ్చారంటే, తర్వాత చుట్టాల్లో తిరిగే మాట ఒకటే: "బిడ్డను బాక్సుల పెట్టిన్రట." అందులో భయమూ ఉంటుంది, ధీమా కూడా ఉంటుంది. బాక్సంటే మిషను, మిషనంటే వైద్యం. అదే డాక్టరు "బిడ్డను నీ ఎదకు కట్టుకోమ్మా, కంగారూ కేర్ చేద్దాం" అంటే ఇంటి పెద్దలకు మనసొప్పదు. మిషన్లు ఖాళీ లేక చెప్తున్నారేమోనని అనుమానం.

ఆ అనుమానానికి కొంత చరిత్ర ఉంది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టరు ఈ పద్ధతి మొదలుపెట్టింది నిజంగానే ఇంక్యుబేటర్లు, అంటే ఈ బాక్సులే, చాలక. పిల్లలు కిక్కిరిసి, ఒకరి ఇన్‌ఫెక్షన్ ఇంకొకరికి అంటుకునే రోజులవి. అయితే గతిలేక పట్టిన ఆ దారే తర్వాతి పరిశోధనల్లో ముందుకొచ్చింది.

చాలాకాలం డాక్టర్లు కూడా ముందు వార్మర్ (పైనుంచి వేడినిచ్చే మిషను) కింద పెట్టి, బిడ్డ తేరుకున్నాకే తల్లికిచ్చేవారు. తేరుకునేదాకా ఆగకుండా పుట్టగానే ఎదకు కడితే ఏమవుతుంది? ఈ ప్రశ్న మీద ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాలతో పాటు మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోనూ పెద్ద అధ్యయనం జరిగింది. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు పిల్లలు, మొత్తం 3,211 మంది. ఒక వర్గం పిల్లలు రోజుకు దాదాపు 17 గంటలు తల్లి ఎద మీద, రెండో వర్గం వార్మర్ కింద. నెల తిరిగేసరికి మొదటి వర్గంలో నూటికి 12 మంది చనిపోతే, రెండో వర్గంలో దాదాపు 16 మంది. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 2021లో వచ్చాయి, మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సులు మార్చింది.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఎద మీదున్న పిల్లలకు ఆక్సిజన్, సెలైన్, ముక్కు గొట్టంతో గాలి ఇచ్చే సీప్యాప్ ఏవీ ఆపలేదు. తల్లి మంచాన్నే పిల్లల వార్డులోకి తెచ్చారు. అంటే వైద్యం మానేసి అమ్మను ఎంచుకోవడం కాదిది. వెచ్చదనం వార్మరూ ఇస్తుంది, ఆ మాటకొస్తే బాగానే ఇస్తుంది. ఇవ్వలేనివి వేరే. ఎద మీదుంటే ముర్రుపాలు త్వరగా అందుతాయి, పదిమంది చేతులు పడవు, తల్లి ఒంటి మీది మామూలు క్రిములే బిడ్డకు అలవాటవుతాయి. ఒకే వార్మర్ కింద ఇద్దరిని పడుకోబెట్టేంత రద్దీ ఉన్నచోట ఈ తేడా ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు.

మరి బాక్సు ఎప్పుడు? పుట్టి గంటైనా సొంతంగా ఊపిరి తీసుకోలేని బిడ్డను ఆ అధ్యయనంలో చేర్చుకోనేలేదు. వెంటిలేటర్ మీదున్నా, షాక్‌లో (ఒంట్లో రక్తప్రసరణ పడిపోయి) ఉన్నా మిషనే. అక్కడ తల్లి ప్రేమ గురించి వాదన పెట్టుకోవద్దు.

మన దగ్గర అసలు అడ్డంకి ఇంకొకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. "కుట్లు పచ్చిగున్నయి, పిల్లను మీదెట్ల పండవెడ్తరు?" అని అత్తమ్మ అడగడంలో తప్పులేదు. మంచం తలవైపు ఎత్తి, ఒరిగి కూర్చుంటే బరువు రొమ్ముల మధ్యే ఉంటుంది, కుట్ల మీద పడదు. తల్లి లేవలేకపోతే తండ్రో అమ్మమ్మో కట్టుకోవచ్చు. టోపీ, డైపర్, సాక్సులు తప్ప బిడ్డ ఒంటి మీద బట్ట ఉండకూడదు. తల పక్కకు తిరిగి, మెడ కొద్దిగా పైకి ఉండాలి. గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఆడదు. చున్నీతో కట్టినా సరే, జారకుండా ఉంటే చాలు. కూర్చున్నప్పుడల్లా గంటకు తగ్గకుండా, రోజు మొత్తం మీద ఎనిమిది గంటలైనా పడాలి.

ఇంటికొచ్చాక కొందరు ఎంచుకునే మూడో దారి కూడా ఉంది: వంద వాట్ల బల్బు, పక్కన వేడినీళ్ల సీసా. బిడ్డ ఒళ్లు కాలుతుంది తప్ప పని కాదు. పుష్యమాసపు చలిలో నూనె రాసి తలస్నానం చేయించడం దీనికంటే ప్రమాదం, బిడ్డ ఒళ్లు నిమిషాల్లో చల్లబడిపోతుంది. బరువు పెరిగేదాకా తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఇంట్లోనూ ఎద మీద పెట్టుకోవడమే నయమని హర్యానాలో 8,402 మంది తక్కువ బరువు పిల్లలతో చేసిన అధ్యయనం చూపించింది. నేర్పించిన ఇళ్లలో తొలి నెల మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

కాబట్టి సొంతంగా ఊపిరి తీసుకునే బిడ్డైతే నా ఓటు ఎదకే. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరును "ఎప్పటి నుంచి కట్టుకోవచ్చు?" అని మనమే అడగాలి, చాలాచోట్ల అడిగితే తప్ప చెప్పరు. బిడ్డ రెండున్నర కిలోలకు వచ్చేదాకా కొనసాగించాలి. ఈలోగా పాలు తాగడం మానేసినా, పాదాలతో పాటు పొట్ట కూడా చల్లగా తగిలినా, ఊపిరికి డొక్కలు లోపలికి పోతున్నా, ఆశా కార్యకర్త వచ్చే రోజు కోసం చూడకుండా బిడ్డను ఎదకు కట్టుకునే 108 ఎక్కండి.