గోస్తని పుట్టిన చోట: అరకులో బస, తిండి, కాఫీ

విశాఖపట్నంలో కొన్ని ప్రాంతాలకు కుళాయి నీళ్ళు తాటిపూడి రిజర్వాయరు నుంచి వస్తాయి. తాటిపూడికి నీళ్ళు గోస్తని నుంచి. ఆ గోస్తని పుట్టింది అరకు దారిలోని అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర. రైవాడ జలాశయానికి నీళ్ళిచ్చే శారదా నది కూడా ఆ కొండల్లోంచి దిగి వచ్చేదే. అరకు అంటే మనకు మంచు, వలిసె పూలు, ఫొటోలు. నిజానికి విశాఖ దాహం తీర్చే నీళ్ళకు అది పుట్టిల్లు. అందుకే ఈసారి పిల్లల్ని తీసుకుని వెళ్ళినప్పుడు ప్రతి చోటా రెండు సంగతులు గమనించాం. మేమిచ్చే డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది? మేం వాడి పారేసే నీళ్ళు, చెత్త ఎటు పోతున్నాయి? కింద రాసిన మంచిచెడ్డలన్నీ ఆ లెక్కలోనే చెబుతున్నాను.

వెళ్ళడానికి కిరండూల్ రైలు ఎక్కాం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి చేర్చి, అక్కణ్ణుంచి జపాన్‌కి పంపడం కోసం 1960లలో వేసిన లైను ఇది. శిమిలిగూడ స్టేషను దగ్గర 996 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. ఖనిజం బండ్లకి దారి వదులుతూ, ఆగుతూ ఆగుతూ వెళ్తుంది కాబట్టి టైముకి చేరాలన్న టెన్షన్ పెట్టుకోకండి. 2017 నుంచి నడుస్తున్న అద్దాల బోగీ, అదే విస్టాడోమ్, పిల్లలకి పండగే. కానీ టికెట్ ధర ఎక్కువ, సెలవుల్లో చాలా ముందే అయిపోతుంది. మా ఓటు మామూలు బోగీకే. కిటికీ తీసుకుంటే కొండ గాలి మొహానికి తగులుతుంది, చిన్న స్టేషన్లలో సీతాఫలాలు, జామకాయలు బుట్టల్లో పెట్టుకుని ఆడవాళ్ళు ఎక్కుతారు. ఆ బుట్టలో పడే డబ్బు నేరుగా కొండ మీదే ఉంటుంది. తిరిగి రావడానికి శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డు మేలు. మలుపుల్లో కడుపులో తిప్పేవాళ్ళు ఖాళీ కడుపుతో మాత్రం ఎక్కొద్దు.

బొర్రా గుహలు తప్పకుండా చూడాల్సినవే. రంగు రంగుల లైట్లు నాకు నచ్చవు, రాయి అసలు రంగే అందం. మెట్లు తడిగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కష్టం. స్థానిక కుర్రాడిని గైడుగా పెట్టుకోండి. గుహ కప్పు మీదుగానే రైలు పోతుందని మాకు మా గైడే చెప్పాడు. మా పిల్లలు తలెత్తి పైకి చూస్తూ అక్కడే నిలబడిపోయారు.

బొర్రా పేరు ఇంకో కారణానికి కూడా తెలిసి ఉండాలి. ఈ పంచాయతీలో కాల్సైట్ గనుల లీజుల మీద మొదలైన పోరాటమే, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో, సుప్రీంకోర్టు సమత తీర్పుగా 1997లో ముగిసింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి గనుల కోసం లీజుకివ్వడం ప్రభుత్వానికి కూడా కుదరదని ఆ తీర్పు చెప్పింది. గనుల లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్ళు, బడులు, ఆసుపత్రులు, రోడ్ల కోసం నిధిగా పక్కన పెట్టాలని కూడా అంది. ఆ కొండల్ని తవ్వేసి ఉంటే ఇవాళ చూడటానికి గుహలు ఎలా ఉండేవో, కింద గోస్తని ఏ రంగులో పారేదో ఊహించుకోండి.

ఇక బసలు. మేం మొదటి రాత్రి దిగింది ఒక ప్రైవేటు క్యాంపులో. పేరు రాయను. వరసగా రంగు రంగుల టెంట్లు, మధ్యలో మంట, అర్ధరాత్రి దాకా డీజే. పడక బాగానే ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, టిఫిన్ ఫర్వాలేదు. పొద్దున్నే నడుస్తూ వెనక్కి వెళ్తే, బాత్రూముల గొట్టం తిన్నగా గెడ్డలోకి, అంటే వాగులోకి, తెరిచి ఉంది. నురగ తేలుతూ వరి మళ్ళవైపు పోతోంది. సెప్టిక్ ట్యాంక్ లేదా అని అడిగితే మేనేజరు "కడతాం సార్, సీజన్ అయ్యాక" అన్నాడు. పనివాళ్ళలో ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ మైదానం నుంచి వచ్చినవాళ్ళే. ఈ భూమి ఎవరిది అన్నదానికి మాత్రం జవాబు రాలేదు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదని వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ఉంది. అయినా ఇన్ని క్యాంపులు ఎలా లేస్తున్నాయో అక్కడ ఎవరిని కదిపినా తలుపు దగ్గరగా వేసి చెబుతారు.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి పర్యాటక సంస్థ వారి బసలు నయం. రైల్వే స్టేషన్‌కి, మ్యూజియానికి దగ్గర, తోట ఉంది, భోజనం దొరుకుతుంది.

మాకు బాగా నచ్చింది ఊళ్ళో బస. అరకు నుంచి ఆటోలో వెళ్ళాక కొంచెం నడిచే దూరంలో ఓ పల్లె. పెంకుటిల్లు, దానికి ఆనించి కట్టిన కొత్త గది, విడిగా మరుగుదొడ్డి. వేడినీళ్ళు కట్టెల పొయ్యి మీదే. రాత్రి చలి ఎముకల్లోకి దిగింది, ఫోన్ సిగ్నల్ కోసం చెట్టు కిందకి వెళ్ళాల్సి వచ్చింది. సిగ్నల్ లేకుండా, ఇంట్లోనే బాత్రూము లేకుండా ఉండలేనివాళ్ళు ఇక్కడికి రావద్దు. ఉండగలిగేవాళ్ళు ఇంకెక్కడికీ వెళ్ళనక్కర్లేదు. పొద్దున చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం సామ అన్నంలోకి నాటుకోడి కూర. గిన్నెలు కడిగిన నీళ్ళు పసుపు మడిలోకి పోతాయి, మిగిలిన మెతుకులు కోళ్ళకి. చెత్తబుట్ట ఎక్కడని మా అమ్మాయి అడిగితే ఇంట్లో వాళ్ళకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. బుట్టలో వేయాల్సినవి మేం తెచ్చుకున్న చిప్స్ కవర్లు మాత్రమే. అవి తిరిగి మా బ్యాగులోనే పెట్టుకున్నాం.

ఆ ఇంటి పెద్దమ్మ మమ్మల్ని కాఫీ తోటకి తీసుకెళ్ళింది. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటి మీదికి పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. గుత్తిలో కొన్ని పళ్ళు ఎర్రగా, కొన్ని ఇంకా పచ్చగా ఉంటాయి. ఆవిడ వేళ్ళు ఎర్రవాటినే ఒక్కొక్కటిగా తుంచుతున్నాయి. మా అబ్బాయి గుత్తి మొత్తం లాగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "పండినవే కొయ్యాల బాబూ. పచ్చివి కలిస్తే ధర కొట్టేస్తారు." పండు నొక్కితే జిగురుగా ఉన్న రెండు గింజలు బయటికి జారాయి. నాలుక మీద పెట్టుకుంటే తియ్యగా ఉంది, కాఫీ వాసనే లేదు. ఎండబెట్టి, పొట్టు తీసి, వేయించాక కదా మనకి తెలిసిన కాఫీ అయ్యేది. ఖరీదంతా కలిసేది కూడా అక్కడే. ఎకరం, రెండెకరాల రైతు పండుగానే అమ్మేస్తే మిగిలేది తక్కువ. గుజ్జు తీసి గింజలు కడిగి ఆరబెట్టి అమ్మితే ఎక్కువ. అప్పు ఇచ్చిన షావుకారుకి చెట్టు మీదుండగానే రాసిచ్చేస్తే ఇంకేం మిగలదు.

ఈ మధ్యవర్తిని తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది, ఇవాళ కాఫీ కూడా కొంటోంది. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రైతులతో సహకార సంఘం పెట్టించి, పండుగా కొని, నాణ్యతని బట్టి ధర ఇచ్చే పద్ధతి తెచ్చింది. ఆ కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు వీటన్నిటికన్నా పెద్ద సంగతి చెట్టే. పోడు కొట్టి తగలబెట్టిన వాలు మీద మొదటి వానకే మట్టి కొట్టుకుపోతుంది. కాఫీకి నీడ కావాలి కనక చెట్టు నిలబడుతుంది. చెట్టు నిలబడితే మట్టి నిలబడుతుంది, ఆ మట్టి తాటిపూడిలో పూడికగా దిగదు. అయితే కొండంతా ఒక్క సిల్వర్ ఓకే అయితే పక్షులకి, మనుషులకి తినడానికేముంటుంది? పనస, మామిడి, నేరేడు కలిపి పెంచిన తోటలు అక్కడక్కడా కనిపించాయి. ధర ఇచ్చేటప్పుడు అలాంటి తోటకి ఒక రూపాయి ఎక్కువ ఇవ్వాలని నా కోరిక.

కొనాలనుకుంటే సంతలో కొనండి. కొండచీపుర్లు, పసుపు, పిప్పళ్ళు, రాజ్మా, అడ్డాకులు అన్నీ దొరుకుతాయి. బేరం ఆడొద్దు. తెల్లారి నడిచి వచ్చినవాళ్ళవి అవి. రోడ్డు పక్క బొంగు చికెన్ రుచిగానే ఉంది, నూనె లేకుండా ఆవిరికే ఉడుకుతుంది. కాలిన బొంగులు మాత్రం గుట్టలుగా వాగు ఒడ్డున పడున్నాయి. చాపరాయి దగ్గర నీళ్ళలోకి దిగితే జాగ్రత్త. బండలు పాచిపట్టి జారతాయి, ఇసుకలో సీసా పెంకులు ఉన్నాయి. థింసా ఆట చూడాలనిపిస్తే బృందంతోనే మాట్లాడుకుని వాళ్ళ చేతికే డబ్బివ్వండి. రిసార్టు బిల్లులో కలిపి తీసుకున్నది ఆడినవాళ్ళకి ఎంత చేరుతుందో మీకు తెలియదు.

విశాఖ వాళ్ళం అడగాల్సింది ఒకటుంది. సమత తీర్పు గనుల లాభంలో వాటా గురించి చెప్పింది. పర్యాటకం లాభానికి, మన కుళాయి నీళ్ళకి అదే న్యాయం ఎందుకు వర్తించకూడదు? పార్కింగు రుసుం, ప్రవేశ టికెట్, నగరం కట్టే నీటి పన్ను, వీటిలో కొంత ఆ నది పుట్టే పంచాయతీలకి ఏటా వెళ్ళాలి. కొత్త క్యాంపుకి అనుమతి ఇచ్చే ముందు సెప్టిక్ ట్యాంక్ చూపించాలి, గ్రామసభ ఒప్పుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పీసా చట్టం గ్రామసభకి ఆ స్థానం ఇచ్చింది కూడా. కార్పొరేషన్ ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చేవాళ్ళని నేను ఈ మాట అడుగుతాను. మీరూ అడగండి.

వెళ్ళేవాళ్ళకి: నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ కోత, కానీ సంక్రాంతి సెలవులు, శనాదివారాలు వద్దు. నగదు, స్వెట్టర్, స్టీలు సీసాలు తీసుకెళ్ళండి. ఊళ్ళో బస కావాలంటే యాప్‌లో వెతక్కుండా కాఫీ కొనుగోలు కేంద్రం దగ్గరో, పంచాయతీలోనో అడగండి. గది ఉన్న ఇంటివాళ్ళతోనే ధర మాట్లాడుకుని, వాళ్ళకే ఇవ్వండి.