40 సీడీల జాంగో రైన్‌హార్ట్: 12 ఏళ్లు విన్నాక

ఫ్రాన్సులోని ఫ్రెమో ఎ అసోసియే సంస్థ, జాజ్ గిటారు విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ రికార్డులను కాలక్రమంలో పేర్చి, డానియెల్ నెవేర్స్ సంపాదకత్వంలో 20 సంపుటాలుగా పునర్విడుదల చేసింది. ఒక్కో సంపుటంలో రెండేసి సీడీలు, వాటితో పాటు ఒక పుస్తకం ఉంటాయి. మొదటి సంపుటం నేను కొని 12 ఏళ్లయింది, చివరిది చేతికి రావడానికి ఆ తరువాత ఇంకో నాలుగేళ్లు పట్టింది. అన్నీ ఒకేసారి కొనే స్తోమత లేక, తపాలా ఖర్చూ కస్టమ్స్ సుంకమూ లెక్క వేసుకుంటూ, ఏడాదికి నాలుగో ఐదో తెప్పించుకున్నాను. వరుసగా మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు విన్నాను. విడివిడిగా విన్నవాటికి లెక్క లేదు. ఇంతకాలం వాడిన తరువాత దీని గురించి వివరంగా రాయవచ్చుననిపించింది.

మొదటి సంపుటం తెరవగానే జాంగో గిటారు వినబడుతుందని ఆశించినవారు కాస్త తికమక పడతారు. అందులో మొదట వచ్చేవి 1928 నాటి అకార్డియన్ పాటలు. అకార్డియన్ వెనుక పద్దెనిమిదేళ్ల కుర్రవాడు బాంజో మీద తాళం కొడుతూ ఉంటాడు. ఆ రికార్డుల మీద అతని పేరు జియాంగో రెనార్ అని అచ్చయింది. అప్పటికి అతనికి చదవడం, రాయడం రాదు కనుక, తన పేరును వాళ్లు ఎలా రాశారో చూసి సరిదిద్దే అవకాశం కూడా లేదు. అదే సంవత్సరం శరత్కాలంలో అతను ఇల్లుగా వాడుకుంటున్న బండికి నిప్పంటుకుని ఎడమ చెయ్యి కాలిపోయింది, ఉంగరపు వేలూ చిటికెన వేలూ ముడుచుకుపోయాయి. తరువాత లోకమంతా విన్న ఆ గిటారు స్వరాలు చాలావరకు మిగిలిన రెండు వేళ్లతో పలికించినవి. అంటే అగ్నిప్రమాదానికి ముందు, అన్ని వేళ్లూ ఆడుతున్న చేతి శబ్దం మనకు మిగిలింది ఈ కొద్ది పాటల్లోనే. సంగీతపరంగా వాటిలో గొప్పదనం పెద్దగా లేదు. అయినా వాటిని వదిలేసి, అతని ప్రసిద్ధ బృందం రికార్డులు మొదలైన 1934తో మొదలుపెట్టే ఏ సంకలనమైనా నాకు మొదటి పేజీలు చిరిగిపోయిన పుస్తకంలా కనిపిస్తుంది.

ఇక శబ్దం సంగతి. పాత ఫ్రెంచ్ జాజ్ పునర్విడుదలలు కొనేవారు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసినది ఇదే, చాలామంది మోసపోయేదీ ఇక్కడే. ఆ కాలపు 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) గ్రామఫోన్ ప్లేట్లు లక్కతో చేసినవి. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్క, పారిస్‌లో ఈ పాటలను మోసిన లక్క ఒకే రకం పురుగు ఇచ్చినవి. ప్రపంచంలోని ప్లేట్ల కర్మాగారాలకు ఆ లక్క ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లేది. అయితే ప్లేటులో లక్క ఒక్కటే ఉండదు, మెత్తగా నూరిన రాతిపొడి కూడా కలుపుతారు. ఉక్కు ములికి గాడి ఆకారానికి తగ్గట్టు అరిగి అందులో సరిగ్గా కూర్చోవడానికి ఆ గరుకుదనం అవసరం. ఆ గరుకుదనమే పాట వెనుక ఎడతెగని బరబరగా వినబడుతుంది. కనుక ఆ శబ్దం ప్లేటు చెడిపోవడం వల్ల వచ్చినది మాత్రమే కాదు, ప్లేటు పుట్టుకలోనే ఉంది. కంప్యూటరుతో దాన్ని పూర్తిగా తుడిచేయాలని చూస్తే, అదే ఎత్తు శ్రుతుల్లో ఉన్న సంగీతం కూడా దానితో పాటు పోతుంది.

నాకిది అనుభవంతో తెలిసింది. ఈ సంపుటాలకంటే ముందు, పేరు చెప్పనవసరం లేని ఒక సంస్థ చవకగా అమ్మిన 10 సీడీల పెట్టె కొన్నాను. మొదటిసారి విన్నప్పుడు అంత పాత పాట ఇంత శుభ్రంగా ఉందేమిటని సంతోషించాను. ఆ తరువాత 1937 నవంబరులో రికార్డు చేసిన 'మైనర్ స్వింగ్' రెండింటిలోనూ ఒకదాని తరువాత ఒకటి పెట్టుకుని విన్నాను. హాట్ క్లబ్ ద ఫ్రాన్స్ ఐదుగురి బృందంలో డ్రమ్ములు లేవు. జాంగో, స్టెఫాన్ గ్రపెల్లి వయొలిన్, మరో రెండు గిటార్లు, ఒక డబుల్ బేస్, అంతే. ఆ రెండు గిటార్లే డ్రమ్ముల పని చేస్తాయి. మీటిన వెంటనే వేళ్ల పట్టు సడలించి తీగను ఆపేసే ఆ దెబ్బను ఫ్రెంచివాళ్లు 'లా పోంప్' (నీళ్ల పంపు లాంటి పంపు) అంటారు. చవక పెట్టెలో ఆ దెబ్బ దుప్పటి కప్పిన తలుపు మీద తట్టినట్టుంది. ఫ్రెమో సీడీలో బరబర ఉంది, కాని ఆ బరబర వెనుక మీటే బిళ్ల తీగను తాకే క్షణం, గ్రపెల్లి విల్లు దిశ మార్చే క్షణం విడివిడిగా వినిపిస్తాయి. పాట చివర వాయిద్యాలు ఆగగానే ఒక గొంతు సంతృప్తిగా "ఓ, యే" అంటుంది. చవక పెట్టెలో ఆ గొంతు చుట్టూ లేని ప్రతిధ్వని కలిపారు, ఎవరో బావిలోనుంచి అన్నట్టుంది. ఫ్రెమో సీడీలో ఆ మనిషి మైకుకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఆ రోజునుంచి నిశ్శబ్దంగా ఉన్న పునర్విడుదలను చూస్తే నాకు మొదట అనుమానమే వస్తుంది.

ప్రతిధ్వని కలపడం ఇప్పటి అలవాటు మాత్రమే కాదు. లూయి మాల్ తీసిన 'అసాన్సర్ పుర్ లెషఫో' చిత్రానికి అమెరికన్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1957 డిసెంబరులో పారిస్‌లో బార్నీ విలెన్, రెనె ఉర్త్రెజె, పియెర్ మిషెలో, కెనీ క్లార్క్‌లతో వాయించిన సంగీతాన్ని ఎల్పీగా తెచ్చినప్పుడు దానికీ ప్రతిధ్వని చేర్చారు. ఆ పొర లేని అసలు టేకులు 1980లలో సీడీ మీద వచ్చాయి. రెండూ విన్నవారికి నేను చెబుతున్నది వెంటనే అర్థమవుతుంది. అయితే అక్కడ ఆ ప్రతిధ్వని కూడా చరిత్రలో భాగమైపోయింది. దానికి అభిమానులున్నారు, వారితో నాకు తగాదా లేదు.

వేగం మరో పెద్ద సమస్య. 78 అని పేరే గాని ప్లేట్లన్నీ సరిగ్గా నిమిషానికి 78 చుట్ల వేగంతో కోయలేదు. 80 చుట్లతో రికార్డు చేసిన పాటను 78తో తిప్పితే శ్రుతి ఒక స్వరస్థానంలో సగానికి కొంచెం తక్కువ పడిపోతుంది, నడక కూడా మందగిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి నేను వాడే సాధనం మన శ్రుతిపెట్టె. 'మైనర్ స్వింగ్' ఎ మైనరులో ఉంటుంది, అంటే మన లెక్కలో ఆరు శ్రుతి. పెట్టెను ఆరుకు పెట్టి ఫ్రెమో సీడీ నడిపితే గిటార్ల మీటు దానిలో కలిసిపోతుంది. చవక పెట్టెలోని పాట ఆరుకూ ఆరున్నరకూ మధ్య ఎక్కడో వేలాడుతూ, మొదటి నాలుగు మీట్లలోనే పళ్లు జివ్వుమనేలా విడిపోయింది. ఆనాటి బృందాలన్నీ నేటి ప్రమాణానికే శ్రుతి చేసుకున్నాయని హామీ లేదు కనుక ఈ పరీక్ష ఒక్కటే చాలదు. కాని రెండు జాగ్రత్తైన పునర్విడుదలలు ఒకదానితో ఒకటి ఏకీభవించి మూడోది ఒంటరిగా మిగిలినప్పుడు తీర్పు చెప్పడం కష్టం కాదు.

నేను సరిపోల్చిన ఆ రెండోది ఇంగ్లండుకు చెందిన జేఎస్‌పీ సంస్థ తెచ్చిన 5 సీడీల పెట్టె. యుద్ధానికి ముందరి రికార్డులను టెడ్ కెండల్ ప్లేట్ల నుంచి ఎక్కించి శుభ్రం చేసినది. నిజం చెప్పాలంటే రాత్రిపూట తీరిగ్గా కూర్చుని వినాలనిపించినప్పుడు నా చెయ్యి దీనివైపే వెళుతుంది. బేస్ నిండుగా ఉంటుంది, వయొలిన్ గొంతు వెచ్చగా ఉంటుంది. 1934 డిసెంబరులో అల్ట్రాఫోన్ కంపెనీకి బృందం చేసిన మొదటి రికార్డుల్లో ఒకటైన 'డైనా' ఇందులో వింటే, ఆ కంపెనీ రికార్డింగుకు ఆనాడే అంత మంచి పేరు ఎందుకుండేదో తెలుస్తుంది. ఒక్క పెట్టె మాత్రమే కొంటాం అనేవారికి నేను చెప్పేది జేఎస్‌పీ పేరే. అలాంటప్పుడు 40 సీడీలు ఎందుకు అని అడిగితే, దానికి నా జవాబు 'నువాజ్'.

'నువాజ్' అంటే మేఘాలు. జర్మన్ సైన్యం పారిస్‌ను ఆక్రమించిన ఏడాది, 1940 అక్టోబరులో, జాంగో ఈ స్వరకల్పనను మొదటిసారి రికార్డు చేశాడు. గ్రపెల్లి యుద్ధం మొదలైనప్పుడు లండన్‌లోనే ఉండిపోయాడు కనుక వయొలిన్ చోటులోకి యుబేర్ రొస్తాంగ్ క్లారినెట్ వచ్చింది. ఫలితం తృప్తినివ్వక డిసెంబరు 13న అలిక్స్ కొంబెల్‌ను కూడా చేర్చుకుని రెండు క్లారినెట్లతో మళ్లీ చేశాడు. జనం ఇంటింటా పాడుకున్నది ఆ రెండోదాన్నే. తరువాత 1942లో బ్రసెల్స్‌లో పెద్ద వాద్యబృందంతో, 1946లో లండన్‌లో మళ్లీ కలుసుకున్న గ్రపెల్లితో, 1949లో రోమ్‌లో, 1953 మార్చిలో పారిస్‌లో విద్యుత్ గిటారు మీద అదే రాగమాలిక తిరిగి తిరిగి వస్తుంది. ఒక విద్వాంసుడు ఒకే కృతిని వయసు పెరిగేకొద్దీ ఎలా పాడతాడో గమనించడం మనకు కొత్త కాదు. 1940లో అందంగా కూర్చిన మాల, 1953 నాటికి నాలుగే స్వరాలతో మౌనం చుట్టూ తిరిగే మాటగా మారింది. ఆ మార్పును సంవత్సరాల వారీగా వినగలిగేలా చేసింది ఈ సంపుటాలే. ఏరికూర్చిన సంకలనం ఏదైనా ఇందులో ఒకటో రెండో ఇచ్చి ఊరుకుంటుంది.

సంపూర్ణత భారం కూడా అవుతుంది. జాంగో పొట్టకూటికోసం ఎందరో గాయకుల వెనుక వాయించాడు. ఆ పాటలన్నీ ఇందులో ఉన్నాయి. మూడు నిమిషాల పాటలో అతని గిటారు పది సెకన్లు మాత్రమే పైకి వచ్చేవి చాలా ఉన్నాయి. మొదటి వినికిడిలో వాటిని దాటవేశాను. మూడోసారి విన్నప్పుడు మాత్రం జాఁ సబ్లోఁ పాటలు నన్ను ఆపాయి. గాయకుడి వాక్యం ముగిసే చోట జాంగో వేసే చిన్న సంగతి, పద్యం అయ్యాక హార్మోనియం వాయించేవాడు అందుకునే తీరును గుర్తుకు తెచ్చింది. మిగిలిన గాయకులందరి విషయంలో ఆ మాట అనలేను.

నాకు అత్యంత ప్రియమైన భాగం 1937. జాజ్‌కు మాత్రమే అంకితమైన స్వింగ్ అనే లేబుల్‌ను షార్ల్ దెలోనే ఆ ఏడాదే మొదలుపెట్టాడు. ఏప్రిల్ 27న జాంగో ఒంటరిగా గిటారు మీద 'పర్ఫ్యాఁ' వాయించాడు. మరునాడే అమెరికన్ శాక్సొఫోన్ విద్వాంసులు కోల్‌మన్ హాకిన్స్, బెనీ కార్టర్‌లు ఇద్దరు ఫ్రెంచ్ శాక్సొఫోన్ వాద్యకారులతో కలిసి వాయించిన బృందంలో అతను గిటారు పట్టుకున్నాడు. స్వింగ్ లేబుల్ మొదటి ప్లేటు అదే. నవంబరులో అమెరికన్ వయొలిన్ విద్వాంసుడు ఎడీ సౌత్, గ్రపెల్లి కలిసి బాఖ్ రెండు వయొలిన్ల కాన్చెర్టో మొదటి భాగాన్ని వాయిస్తే జాంగో ఒక్కడే వాద్యబృందం అంతటి పని చేశాడు. ఆ పాట వింటున్నప్పుడల్లా విజయనగరం ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ప్లేట్లు తలపుకొస్తాయి. అవి కూడా ఆ లక్క మీదే, దాదాపు ఆ సంవత్సరాల్లోనే వచ్చినవి. వాటికి కూడా ఇంత శ్రద్ధగా తేదీలు కట్టి, వేగం సరిచూసి, వరుసలో పెట్టిన సంపుటాలు నా చేతికి ఎప్పటికైనా రావాలని నా కోరిక.

ప్రతి సంపుటంతో వచ్చే పుస్తకం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏ పాట ఏ రోజున, ఏ ఊళ్లో, ఎవరెవరితో చేశారో, ప్లేటు నడిమధ్య నునుపు భాగంలో చెక్కిన మాత్రికా సంఖ్య (ఆ రికార్డింగుకు కంపెనీ వేసిన గుర్తు సంఖ్య) ఏమిటో, అది ఎన్నో టేకో ఇందులో ఉంటుంది. జాజ్ రికార్డులను ఇలా సంఖ్యలతో, పేర్లతో నమోదు చేసే పద్ధతికి 1936లోనే 'హాట్ డిస్కోగ్రఫీ' అనే గ్రంథంతో దారి వేసినవాడు కూడా దెలోనేనే. చవక పెట్టెలో 1940 అని వేసిన ఒక 'నువాజ్' నిజానికి 1946 నాటిదని నేను ఈ పట్టికతోనే తేల్చుకున్నాను. అందులో వయొలిన్ ఉంది మరి, యుద్ధకాలపు పారిస్‌లో గ్రపెల్లి ఎక్కడినుంచి వస్తాడు?

వాడకంలో ఎదురైన చిన్న విషయాలు కొన్ని. సముద్రపు గాలికి పుస్తకాల పిన్నులు తుప్పు పట్టి మధ్య పేజీలకు గోధుమ మరకలు వచ్చాయి. పిన్నులు పీకి నూలు దారంతో కుట్టుకున్నాను. అన్ని సీడీలనూ కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఇంటర్నెట్ నుంచి వచ్చిన పేర్లూ తేదీలూ సగం తప్పులే కావడంతో, పుస్తకం ముందు పెట్టుకుని చేత్తో టైపు చేశాను. దానికి ఒక వేసవి సెలవులు పట్టాయి. సీడీలు మాత్రం ఒక్కటీ మొరాయించలేదు.

కొత్తగా కొనేవారు ముందు జేఎస్‌పీ పెట్టె తీసుకుని, అది ఒంటబట్టాక ఫ్రెమోలో అట్టమీద 1937 ఉన్న సంపుటాలు, తరువాత 1940, ఆపైన చివరి సంవత్సరాలవి తెప్పించుకుంటే డబ్బు వృథా కాదు. చివరివాటిని తప్పక వినమంటాను. 1953 నాటికి టేపు వచ్చేసింది, బరబర లేదు. ఏప్రిల్ 8న జరిగిన ఆఖరి రికార్డింగులో పియానో ముందు కూర్చున్నది పాతికేళ్ల మార్షియల్ సొలాల్. నలభయ్యో సీడీ దాకా లక్క ప్లేట్ల వెనుకనుంచి విన్న గిటారు ఒక్కసారిగా ఎదురుగా, గదిలో ఉన్నట్టు వస్తుంది. ఆ తరువాత ఐదు వారాలకు, మే 16న, 43 ఏళ్ల వయసులో జాంగో చనిపోయాడు.