చేతులెత్తుడా, చీటీలేసుడా?

హనుమకొండలో మా గల్లీ నుంచి పన్నెండు ఇండ్లోళ్లం మేడారం జాతరకు పోవాలె. ఆర్టీసీ బస్సా, కిరాయి బండ్లా అన్నది పంచాయితీ.

మొదట నోటితోనే అడిగినం. రిటైరైన సారు "బండ్లే నయం" అన్నడు. పక్కాయన తలూపిండు. మూడో ఆమె పొద్దుగాల నాతో "బస్సయితే గద్దెల దగ్గరి దాక పోతది" అన్నది. ఇప్పుడు కొంగు సర్దుకుని "మీరెట్లంటే అట్లనే" అన్నది. ఐదు నిమిషాల్లో ముచ్చట ఖతం.

1950లలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త గీతల పొడవు పోల్చమని చేసిన ప్రయోగం ఇదే. ముందున్నోళ్లంతా కావాలనే తప్పు చెప్తే, మూడోవంతు దాకా జవాబులు ఆ తప్పు వైపే ఒరిగినయి. ఒక్కరైనా సరైన జవాబు చెప్పినప్పుడు, లేదా జవాబు రాసిచ్చినప్పుడు ఆ ఒరుగుడు బాగా తగ్గింది.

అందుకే చీటీలు వేయించిన. బస్సుకు ఏడు, బండ్లకు ఐదు! సారు మొహం చూడాలె.

చీటీకీ లోపముంది: కారణం చెప్పదు. బండి కావాలన్న ముసలామెకు మోకాళ్ల నొప్పులని చాయ్ దగ్గర బయటపడ్డది. అది విని బస్సోళ్లలో ఇద్దరు అటు తిరిగిన్రు. సారు మాటకు తిరుగుడు వేరు, మోకాళ్లకు తిరుగుడు వేరు.

నన్నడిగితే ముందు చీటీ, తర్వాత మాట. పెద్దమనిషి ఆఖర్న మాట్లాడాలె. ఈ ముక్క సారుకు చెప్పినం. రెండు రోజులు మాతో మాట్లాడలే.