బోర్డుల ఆయనకి డబ్బులు పంపే ముందు ఒక్క నిమిషం ఆగండి

పేరు రాయను. రాస్‌బెర్రీ పై, అదే అరచేతిలో పట్టే ఆ చిన్న కంప్యూటర్ బోర్డు, తక్కువలో కావాలంటే అందరూ చెప్పే ఆయనే. నాకు నంబర్ ఇచ్చింది కూడా మీలో ఒకరే.

ఇంట్లో నాలుగు బోర్డులు కలిపి చిన్న క్లస్టర్ పెట్టుకుని కుబర్నెటీస్ (చాలా కంప్యూటర్ల మీద ప్రోగ్రాములు పంచి నడిపే సాఫ్ట్‌వేర్) నేర్చుకుందామని నా ఆశ. స్విచ్చి, కేబుళ్లు, కార్డులు వేరే చోట కొన్నా, వాటితో గొడవ లేదు. బోర్డులు మాత్రం ఈయన దగ్గర. రాస్‌బెర్రీ పై 4 మోడల్, 8 జీబీ ర్యామ్‌వి నాలుగు, ఒక్కోటి 6,400. ర్యామ్ రేట్లు మండిపోతున్న ఈ రోజుల్లో ఆ ధరకి ఎవరిస్తారని అనుమానం రాకపోలేదు. వచ్చింది, నేనే నోరు మూయించా. బిల్లు అడిగితే "జీఎస్టీ 18 శాతం పడుద్ది అన్నా, మనకెందుకు" అన్నాడు. అవునవును, మనకెందుకు!

శనివారం పార్సిల్ వచ్చింది. అమ్మ చేతికి ఫోనిచ్చి వీడియో తీయమన్నా. అన్నిటికన్నా మీదున్న డబ్బా విప్పి, బోర్డుని టీవీకి తగిలించి, మెమరీ ఎంతుందో చూపే ఫ్రీ కమాండ్ కొట్టా. 7.6 జీబీ చూపించింది, అంటే 8 జీబీదే. "చాల్లేమ్మా, ఆపెయ్" అన్నా. ఆ ఒక్క మాట ఖరీదు 19,200 రూపాయలు. అక్కడితో ఆగానా? ఆ వీడియోనే ఆయనకి పంపి "వచ్చేశాయన్నా, సూపర్" అని మెసేజ్ కూడా పెట్టా.

ఆదివారం నాలుగింట్లో కే3ఎస్ (చిన్న బోర్డులకి సరిపోయే తేలికపాటి కుబర్నెటీస్) ఎక్కించా. మొదటిది సర్వర్, అది బాగానే ఉంది. మిగతా మూడింట్లో ఏ పాడ్ (అందులో నడిచే ప్రోగ్రాము) పెట్టినా కాసేపటికి మెమరీ చాలక చచ్చిపోతోంది. కార్డులు మార్చా, అడాప్టర్లు మార్చా, నాకే రాదేమోనని కాన్ఫిగరేషన్ మూడుసార్లు తిరగరాశా. రాత్రి రెండింటికి గానీ రెండో బోర్డులో మెమరీ ఎంతుందో చూడాలని తట్టలేదు. 1.8 జీబీ. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. రాస్‌బెర్రీ పైలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చుకునే దారే లేదు. డబ్బా తెచ్చి లైటు కింద 8 జీబీ స్టిక్కర్ అంచుని గోటితో లేపితే కింద ఇంకో స్టిక్కర్, దాని మీద 2 జీబీ అని శుభ్రంగా ఉంది.

పొద్దున్నే ఫోన్ చేశా. డబ్బులు పడేదాకా "అన్నా అన్నా" అన్న మనిషి, "ఎవరు మాట్లాడేది?" అన్నాడు. చెప్పా. "8 జీబీ వచ్చిందని మీరేగా వీడియో పంపారు. సూపర్ అన్నారుగా." అది ఒక్క బోర్డుదే, మిగతా మూడూ 2 జీబీవి అన్నా. అప్పుడు నవ్వాడండీ. నవ్వి, "మీరే మార్చేసి మా మీద తోస్తే ఎట్లా బ్రదర్? నెల్లూరోళ్ల తెలివి మాకు తెలియనిదా!" అని పెట్టేశాడు. అదే తెలివి నాకుంటే బిల్లు లేకుండా నీకు డబ్బులెందుకు పంపుతాను సామీ! మళ్లీ చేస్తే నంబర్ బ్లాక్.

డబ్బులు పోయినదానికన్నా ఆ నవ్వే ఇంకా చెవిలో మోగుతోంది. మా నాన్న పొదలకూరు మార్కెట్లో ఇరవై ఏళ్లు నిమ్మకాయల వ్యాపారం చేసిన మనిషి. బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి చూడనిదే బేరం మాట్లాడడు. ఆయన కొడుకుని నేను. పైనున్న కాయ చూసి బస్తా కొన్నా. నాన్నకి ఇంకా చెప్పలేదు. పినాకిని రైలెక్కి చెన్నై పోయి రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కళ్లతో చూసి కొనుక్కున్నా టిక్కెట్టుకి అయ్యేది ఎంతని!

కొనే ఉంటే ఇప్పుడే చూసుకోండి. బోర్డులో ప్రాక్ కింద సీపీయూఇన్ఫో ఫైల్లో (/proc/cpuinfo) రివిజన్ అనే లైను ఉంటుంది. రాస్‌బెర్రీ పై 4కి ఆ కోడ్ డి (d) అక్షరంతో మొదలైతే 8 జీబీ, సి (c) అయితే 4, బి (b) అయితే 2. నావి మూడూ బి. ప్రతి బోర్డూ ఆన్ అయ్యేదాకా వీడియో ఆపకండి, బిల్లు లేకుండా కొనకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చా, చూద్దాం. మూడు డబ్బాలూ టీవీ కింద పెట్టా. పాతవి కదా, పారేద్దామా అని అమ్మ అడుగుతోంది. ముట్టుకోవద్దన్నా, ఆ స్టిక్కర్లే నాకున్న సాక్ష్యం.