ఛాతీలో గడ్డ మళ్లీ వచ్చిందా? రోబో ఆపరేషన్‌కు అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి వైద్యానికి విశాఖ వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను.

మా అన్నయ్యకు ఏడేళ్ల కిందట ఛాతీ ఎముక కోసి థైమోమా (ఛాతీలోని థైమస్ గ్రంథికి వచ్చే గడ్డ) తీశారు. ఇక పీడ వదిలిందనుకున్నాం. నిరుడు స్కాన్‌లో ఊపిరితిత్తి పైపొర మీద మళ్లీ రెండు గడ్డలు కనిపించాయి. ఈ జబ్బు పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు, స్కాన్లు మాత్రం మానకండి.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్యాకేజీ చెప్పే అమ్మాయి "రోబోతో చిన్న రంధ్రాలేనండీ, నాలుగు రోజుల్లో ఇంటికెళ్లిపోతారు" అంది. ఆ మాటకు వదిన ఏడ్చేసింది. అప్పటికప్పుడే డబ్బు కట్టేశాం.

రోబో తనంతట తాను కోయదు. కన్సోల్ దగ్గర కూర్చున్న సర్జనే దాని చేతుల్ని నడిపిస్తారు. ఒకసారి తెరిచిన ఛాతీలో ఊపిరితిత్తి తరచుగా ఛాతీ గోడకూ, గుండె పైపొరకూ అతుక్కుపోయి ఉంటుంది. ఆ అతుకులు విడదీయడమే అసలు కష్టం, రక్తం పోయే ప్రమాదమూ అక్కడే. అన్నయ్యకు అదే జరిగింది. మధ్యలో రోబోను పక్కనపెట్టి, పక్కటెముకల సందున తెరిచారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టను, మనిషి దక్కాడు. కానీ అలా జరగవచ్చని ముందు ఒక్కరూ నోటితో చెప్పలేదు. కన్సెంట్ కాగితంలో ఇంగ్లీషులో ఒక లైను ఉంది, అంతే. తెలుగు, ఒడియా మాత్రమే చదివే వదిన చేత దాని మీద సంతకం పెట్టించారు.

బిల్లులో రోబో ఛార్జీ పూర్తిగా వేశారు. ఓపెన్ ఆపరేషన్‌ది మళ్లీ వేరేగా. నాలుగు రోజులన్నది పదకొండు రోజులైంది. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కంపెనీలు రోబో సర్జరీని పాలసీ నుంచి తీసేయకూడదంది గానీ, దానికి పరిమితి పెట్టుకోనిచ్చింది. మా పాలసీలో అది లక్ష రూపాయలు. మిగతాదానికి పొలం తాకట్టు పెట్టాం.

అందుకే సర్జన్‌నే అడగండి, ప్యాకేజీ కౌంటర్‌లో కాదు: ఇదివరకు ఆపరేషన్ అయిన ఛాతీలకు మీరు రోబోతో ఎన్ని చేశారు, అందులో ఎందరికి మధ్యలో తెరవాల్సి వచ్చింది? తెరిస్తే బిల్లు ఎంతో కాగితం మీద రాయించుకోండి. మొదటి ఆపరేషన్ నోట్స్, పాత బయాప్సీ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. మా ఫైల్లో ఆ నోట్స్ లేవు, ఎవరూ అడగనూ లేదు. థైమోమా ఉన్నవాళ్లకు కనురెప్పలు వాలడం, మింగడం కష్టమవడం ఉంటే మయస్తీనియా (కండరాలు బలహీనపడే జబ్బు) పరీక్ష కాకుండా మత్తు ఇవ్వనివ్వకండి, తర్వాత ఊపిరి అందకపోయే ప్రమాదం ఉంది.

రెండో డాక్టరు అభిప్రాయానికి మేము వారం ఆగి ఉండాల్సింది. స్కాన్ పట్టుకుని పాతపట్నం మీదుగా బస్సెక్కబోయేవాళ్లు మీ ఇంట్లోనో వీధిలోనో ఉంటే, ఇది వాళ్లకు ఇవాళే చదివి వినిపించండి.