ఏఐ టీషర్టుల బిజినెస్ ప్యాకేజీ: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు, పొదిలి వైపు ఉన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఇంటి దగ్గర ఉండి నాలుగు రూపాయలు సంపాదించుకోవాలని చూస్తున్న ఆడవాళ్లు, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న పిల్లలు మరీ ముఖ్యంగా చదవాలి. "ఏఐతో బొమ్మలు వేయించండి, టీషర్టుల మీద ప్రింట్ చేయించి అమ్మండి, పెట్టుబడి లేదు, సరుకు కొనే పని లేదు" అని ఫోన్లో వచ్చే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. ముందు ఉచిత సెమినార్ అంటారు. హోటల్ హాల్లో కూర్చోబెట్టి టీ, బిస్కెట్లు ఇస్తారు. హాల్లోంచి బయటికి వచ్చేలోపు డిజైన్లు, ఏఐ టూల్, క్లాసులు, రిజిస్ట్రేషన్లు అన్నీ కలిపిన ప్యాకేజీ అంటగడతారు. నెల్లూరులో జరిగిన అలాంటి సెమినార్‌లోనే నేనూ మా తమ్ముడూ కలిసి 24,999 రూపాయలు కట్టాం. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఫిర్యాదు నడుస్తోంది. పేరు తెలిసినా మీకు పెద్దగా ఉపయోగం ఉండదు. ఇలాంటివాళ్లు రేపు ఇంకో బోర్డు పెట్టుకుని ఇంకో ఊరికి వస్తారు. వాళ్లు అమ్మే పద్ధతి తెలిస్తే ఏ బోర్డు కింద వచ్చినా గుర్తుపట్టొచ్చు.

ప్రింట్ ఆన్ డిమాండ్ అనే వ్యాపారం మాత్రం నిజంగానే ఉంది, దాన్ని తప్పుపట్టడం లేదు. ఆర్డర్ వచ్చాకే చొక్కా మీద ప్రింట్ వేసి, వాళ్లే ప్యాక్ చేసి కస్టమర్‌కు పంపుతారు. తిరుప్పూరులోని కికింక్, చెన్నైలోని ప్రింట్రోవ్ ఇలాంటివే. వాటిలో ఖాతా తెరవడానికి పైసా కట్టక్కర్లేదు, ఒక్క చొక్కా అయినా ప్రింట్ చేసి పంపుతారు. మేం కట్టిన ప్యాకేజీలో "పార్ట్‌నర్ ప్రింటింగ్ యూనిట్‌తో టైఅప్" అని ఏడు వేలు వేశారు. ఆ టైఅప్ అంటే ఇలాంటి ఒక వెబ్‌సైట్‌లో మా పేరుతో ఖాతా తెరవడం, అంతే. అది ఫోన్లోనే ఎవరికి వాళ్లు చేసుకోగల పని.

"డాక్యుమెంటేషన్" పేరుతో తీసుకున్నదీ అలాంటిదే. అందులో ఉన్నవి ఉద్యమ్ (చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్), జీఎస్టీ రిజిస్ట్రేషన్. ఈ రెండింటికీ ప్రభుత్వం ఏ ఫీజూ తీసుకోదు. ఉద్యమ్ ఆధార్, పాన్‌లతో ఆన్‌లైన్‌లో అయిపోతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ సొంతంగా చేసుకోవడం రాకపోతే తెలిసిన అకౌంటెంట్‌తో చేయించుకోండి, ఆయన శ్రమకు ఆయన అడిగింది ఇవ్వండి, అది న్యాయం. ఇంకో సంగతి కూడా సెమినార్‌లో చెప్పరు. రాష్ట్రం దాటి సరుకు అమ్మాలంటే, అమ్మకం ఎంత చిన్నదైనా టీషర్టులకు జీఎస్టీ నంబర్ తప్పదు. ఆంధ్రలోనే అమ్ముకునే చిన్న వ్యాపారికి అమెజాన్ లాంటి ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లలో 2023 అక్టోబర్ 1 నుంచి సడలింపు ఉంది, జీఎస్టీ నంబర్ బదులు జీఎస్టీ పోర్టల్ ఇచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తో అమ్ముకోవచ్చు. ఈ తేడా ఒక్కటి తెలిస్తే మొదటి ఆరు నెలలు మీకు చాలా తలనొప్పి తగ్గుతుంది.

ఇక అసలు సరుకు, అంటే ఏఐ బొమ్మల గురించి చెప్పాలి. "పది వేల రెడీమేడ్ డిజైన్లు" అని ఒక డ్రైవ్ లింక్ ఇచ్చారు. ఫోన్లో చూస్తే కళ్లు చెదిరిపోయేలా ఉంటాయి. వాటిలో దాదాపు అన్నీ 1024 పిక్సెళ్ల (అంటే బొమ్మలోని చుక్కల) చదరపు బొమ్మలే. చొక్కా ముందు భాగంలో వేసే ప్రింట్ పన్నెండు అంగుళాల వెడల్పు, పదహారు అంగుళాల ఎత్తు అనుకోండి. అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600 బై 4800 పిక్సెళ్లు కావాలి. 1024 పిక్సెళ్ల బొమ్మను పన్నెండు అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 85 చుక్కలే వస్తాయి. ప్రింటింగ్ షాపుల వాళ్ల మాటలో చెప్పాలంటే బొమ్మ పగిలిపోతుంది. అప్‌స్కేల్ చేసే, అంటే బొమ్మలో పిక్సెళ్లు పెంచే టూల్స్ ఉన్నాయి, కొంతవరకు పనికొస్తాయి, కానీ పది వేల బొమ్మలకు అది ఎవరు చేస్తారు? పైగా అవే పది వేలు మాతోపాటు కట్టిన ప్రతి ఒక్కరికీ ఇచ్చారు. అవే డిజైన్లు ఆన్‌లైన్‌లో మా కంటే ముందే ఎంతమంది పెట్టారో చూసి మా తమ్ముడు తల పట్టుకున్నాడు.

అయినా సరే, సొంతంగా వేసుకుందాం అనుకుని మొదలుపెట్టాం. మా ఊరి దగ్గర సంక్రాంతికి బండలాగుడు పోటీలు జరుగుతాయి. కమిటీ కుర్రాళ్లు ముప్పై చొక్కాలు కావాలన్నారు, నల్ల చొక్కా మీద ఒంగోలు గిత్త, కింద ఊరి పేరు. ప్యాకేజీతో ఇచ్చిన ఏఐ టూల్‌లో "ఒంగోలు గిత్త" అని అడిగితే బారెడు కొమ్ములున్న విదేశీ ఎద్దు వచ్చింది. మూపురం ఉన్నట్టూ లేనట్టూ ఉంది. ఒంగోలు గిత్తకు కొమ్ములు పొట్టిగా ఉంటాయి, మూపురం ఠీవిగా నిలబడుతుంది, గంగడోలు మడతలు మడతలుగా వేలాడుతుంది, మగ గిత్తకు మెడ మీద, మూపురం మీద నల్ల ఛాయ ఉంటుంది. ఇవన్నీ విడివిడిగా రాసి అడిగితే కొంచెం దగ్గరికి వచ్చింది గానీ ముక్కుతాడు ముక్కులోంచి కాకుండా చెంపలోంచి వచ్చింది. కుర్రాళ్లు చూడగానే "అక్కా, ఇది మన గిత్త కాదు" అన్నారు. రోజూ గిత్తలతో తిరిగే పిల్లలు వాళ్లు, వాళ్ల కంటికి ఏదీ దాగదు.

అక్షరాలు ఇంకా ఘోరం. "తెలుగు అక్షరాలు కూడా ఏఐ వేస్తుంది" అని సెమినార్ తెర మీద చూపించారు. మా టూల్ ఊరి పేరు వేస్తే ఒక అక్షరానికి రెండు కొమ్ములు వచ్చాయి, ఒత్తు పక్కకు జరిగింది, చివర్లో తెలుగూ కన్నడమూ కాని ఏదో ఆకారం. మీరు ఈ పని చేస్తే ఏఐతో బొమ్మ వరకే వేయించుకోండి. అక్షరాలు విడిగా మంచి తెలుగు ఫాంట్‌లో టైప్ చేసి బొమ్మ మీద పెట్టండి, ప్రతి గుణింతం మీ కళ్లతో చూసుకోండి.

సాంపిల్ చొక్కా ఇంటికి వచ్చిన రోజు చూడాలి. నల్ల చొక్కా, దాని మధ్యలో తెల్లటి చదరం, ఆ చదరంలో గిత్త. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, పారదర్శకంగా ఉండే పీఎన్‌జీ ఫైల్ ఇవ్వాలని ప్యాకేజీ క్లాసుల్లో ఎక్కడా చెప్పలేదు. తెర మీద మెరిసిన ఆకుపచ్చ రంగు, చొక్కా మీదికి వచ్చేసరికి మసకబారింది. తెర వెలుతురుతో చూపించే కొన్ని రంగులు సిరాతో రావు. ఒంగోలు గాంధీ రోడ్డు వైపు డీటీఎఫ్ ప్రింట్లు (ఫిల్మ్ మీద ప్రింట్ చేసి వేడితో చొక్కాకు అంటించేవి) వేసే ఒక అన్న ఈ విషయాలన్నీ అరగంటలో, ఒక్క రూపాయి తీసుకోకుండా, తన మానిటర్ మీద పెద్దది చేసి చూపించి చెప్పాడు. మేం పాతిక వేలు పోసి నేర్చుకోవాల్సింది అదే కదా అనిపించింది. ఆ ముప్పై చొక్కాలూ చివరికి ఆయన దగ్గరే చేయించి ఇచ్చాం, గిత్త ఫోటో కమిటీ వాళ్లే ఇచ్చారు.

అన్నిటికంటే ప్రమాదమైన మాట ఒకటుంది. "ఏఐ వేసిన బొమ్మకు కాపీరైట్ ఉండదు మేడమ్, ఏ హీరో బొమ్మైనా, ఏ కార్టూన్ అయినా ధైర్యంగా అమ్ముకోండి" అని స్టేజీ మీద మైకులో చెప్పారు. ఇది నమ్మి ముందుకు వెళ్తే డబ్బు పోవడంతో ఆగదు, నోటీసులు వస్తాయి. నాగార్జున గారు 2025 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి తన పేరు, రూపం అనుమతి లేకుండా వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు, ఏఐతో చేసినవి కూడా అందులో ఉన్నాయి. అంతకుముందు 2023లో అనిల్ కపూర్‌కు అదే కోర్టు ఇలాంటి రక్షణ ఇచ్చింది. కార్టూన్ల సంగతికొస్తే, తమ పాత్రలను వాడుకుంటోందని డిస్నీ, యూనివర్సల్ కలిసి 2025 జూన్‌లో మిడ్‌జర్నీ అనే ఏఐ బొమ్మల సంస్థ మీదే కేసు వేశాయి. మాకు ప్యాకేజీలో ఇచ్చిన పది వేల డిజైన్లలో హీరోల మొహాలు, ఆ కార్టూన్లే ఎక్కువ. ప్రింటింగ్ కంపెనీల షరతులు చదవండి, అప్‌లోడ్ చేసిన బొమ్మకు బాధ్యత పూర్తిగా మనదే అని రాసి ఉంటుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కేవలం ప్రాంప్ట్ (ఏఐకి ఏం కావాలో చెప్పే మాటలు) రాసి తెప్పించిన బొమ్మకు కాపీరైట్ రాదని అమెరికా కాపీరైట్ ఆఫీస్ 2025 జనవరిలో తేల్చి చెప్పింది. అంటే అమెరికా కొనుగోలుదారుల కోసం మీరు కష్టపడి వేయించిన మంచి బొమ్మను ఇంకొకడు ఎత్తుకుపోయినా అక్కడ మీరు పోరాడటం కష్టం. "ఒక్క డిజైన్‌తో జీవితాంతం ఆదాయం" అనే మాట ఇక్కడే తేలిపోతుంది.

విదేశాలకు అమ్ముకునే ఎట్సీ అనే వెబ్‌సైట్ గురించి కూడా ఊదరగొట్టారు. పది వేల డిజైన్లూ అక్కడ పెట్టేయమన్నారు. ఎట్సీలో ఒక్కో లిస్టింగ్‌కు, అంటే అమ్మకానికి పెట్టే ఒక్కో వస్తువుకు 20 సెంట్లు, అదీ నాలుగు నెలలకే. పది వేలు పెడితే ఒక్క చొక్కా అమ్మకుండానే 2,000 డాలర్లు! అమ్మితే 6.5 శాతం కమీషన్ వేరే. ఏఐతో చేసినదైతే ఆ సంగతి లిస్టింగ్‌లో రాయాలన్న నిబంధన కూడా ఉంది. ఇందులో ఒక్క ముక్క కూడా స్టేజీ మీద వినపడలేదు.

లాభం లెక్క కూడా అంతే. "499కి అమ్మండి, సగం మీదే" అన్నారు. మాకు పడిన లెక్క చెబుతాను. చొక్కా, ప్రింటు కలిపి 280 దాకా, కొరియర్ 80, పైన 5 శాతం జీఎస్టీ. ఓ నూటపదో నూటపదిహేనో మిగులుతుంది, యాడ్స్‌కు పెట్టింది అందులోంచే పోవాలి. క్యాష్ ఆన్ డెలివరీలో పార్సిల్ తీసుకోకుండా తిప్పి పంపేవాళ్లు ఉంటారు. అలా ఒక్కటి తిరిగొస్తే రానూ పోనూ కొరియర్, చొక్కా ఖరీదు మన నెత్తినే. నాలుగు చొక్కాల మీద వచ్చింది అందులో కొట్టుకుపోతుంది.

"లైఫ్‌టైమ్ ఏఐ టూల్" అని ఇచ్చింది అందరికీ కలిపి ఒకటే లాగిన్. కొన్నాళ్లకు పాస్‌వర్డ్ పనిచేయడం మానేసింది. అడిగితే గ్రూపులో అడ్మిన్ తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా లాక్ చేశారు. మా పేరుతో తెరిచిన ఆన్‌లైన్ షాపు వాళ్ల ఈమెయిల్ మీద ఉంది, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే. మీరు ఎక్కడ ఏ ఖాతా తెరిచినా మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబర్‌తోనే తెరవండి, పక్కన కూర్చుని ఎవరు సాయం చేసినా సరే. ఇంకోటి, "వెరిఫికేషన్‌కు ఒక్క రూపాయి" అని యూపీఐలో నొక్కించారు. అది ఆటోపే. నెలనెలా 999 పోయేలా అనుమతి తీసుకున్నారు. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది, అది చూసి మా తమ్ముడు ఆపాడు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అన్నచోటికి ఇప్పుడే వెళ్లి చూడండి, తెలియనిది ఏదైనా ఉంటే అక్కడే రద్దు చేయొచ్చు.

డబ్బు వెనక్కి అడిగితే వాళ్లు చెప్పిన సమాధానం మీకూ చెబుతారు కాబట్టి గుర్తుపెట్టుకోండి: "మీరు వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారుల చట్టం మీకు వర్తించదు." ఆ మాట పూర్తిగా నిజం కాదు. కేవలం సొంతంగా ఉపాధి చూసుకుని బతకడానికి కొన్న సరుకు వాణిజ్య అవసరం కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే వివరణ ఉంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ప్యాకేజీ అమ్మినవాళ్ల ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో కూడా దాఖలు చేయొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. ఖాతాలోంచి మీకు తెలియకుండా డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వాట్సాప్ చాట్లు, ప్రకటన స్క్రీన్‌షాట్లు, యూపీఐ లావాదేవీ నంబర్లు చెరిపేయకండి. సెమినార్‌లో ఇచ్చిన రంగుల కరపత్రం కూడా సాక్ష్యమే, మా ఫిర్యాదుకు ఎక్కువ పనికొచ్చింది అదే. "నెలకు 50 వేలు గ్యారంటీ" అని దాని మీద అచ్చు వేసి ఉంది.

ఎవరైనా ఈ ప్యాకేజీ ఇస్తామంటే వాళ్లను ఒక్కటి అడగండి: మీ టూల్‌తో, నేను చెప్పిన బొమ్మ, నేను చెప్పిన తెలుగు పేరుతో, నా ముందు వేసి, ఒక చొక్కా ప్రింట్ చేయించి తెప్పించండి, ఖర్చు నేను ఇస్తాను, అది చూశాక మిగతా మాట్లాడదాం అని. మా తర్వాత సెమినార్‌కు వెళ్లిన ఇంకో ఇద్దరి చేత ఈ మాట అడిగించాం. "ఆఫర్ ఈరోజుతో అయిపోతుంది మేడమ్" అన్నారు గానీ చొక్కా తెస్తామని అనలేదు.

మాతోపాటు కట్టినవాళ్లు కందుకూరు, కావలి, కనిగిరి వైపు చాలామంది ఉన్నారని తెలుసు. ఒకే రకం నష్టం జరిగినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయొచ్చు. రసీదు, చాట్లు దగ్గర ఉన్నవాళ్లు కింద రాయండి, ఏ తేదీన ఎంత కట్టారో కూడా రాయండి. ఫోన్ నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి, నేనే మెసేజ్ చేస్తాను.