లెక్క కట్టిన సంగీతమా, నాణెం వేసిన సంగీతమా: చెవికి ఏది మేలు?

మా వీధిలో ఉండే మృదంగం మాస్టారికి రెండు పియానో రచనలు వినిపించాను, ఏది ఎలా పుట్టిందో చెప్పకుండా. మొదటిది ఫ్రెంచి స్వరకర్త పియర్ బూలెజ్ ‘స్ట్రక్చర్స్ 1ఎ’. స్వరం, నిడివి, బలం, మీట నొక్కే తీరు అన్నీ వరుసలు కట్టి లెక్కతో నడిపాడు. రెండోది 1951లో అమెరికా స్వరకర్త జాన్ కేజ్ రాసిన ‘మ్యూజిక్ ఆఫ్ చేంజెస్’. చైనావారి పాత జోస్యపు గ్రంథం ఐ చింగ్ పద్ధతిలో నాణేలు ఎగరేసి, ఎలా పడితే అలా రాసుకుపోయాడు.

మాస్టారు తొడ మీద తాళం వేయబోయి కాసేపటికే చెయ్యి ఆపేశారు. "రెండింట్లోనూ సమం దొరకడం లేదు బాబూ. ఇందులో లెక్క ఏది?" సమం అంటే తాళం మొదలయ్యే దెబ్బ.

కాగితం మీద ఉత్తర దక్షిణాలు, చెవికి మాత్రం కవలలు. వినేవాడు ముందేం వస్తుందో ఊహించుకుంటూ వింటాడు. కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనంలో, మూడుసార్లు వాయించి ముగించే ముక్తాయింపును మూడోసారి అందుకోగానే సభంతా సమం కోసం కాచుకుంటుంది. బూలెజ్ లెక్క ఎంత గట్టిదైనా అలా పట్టుకునే కొమ్మ ఇవ్వదు. ఈ రెండింట్లో నా ఓటు కేజ్‌కే. దాచిన క్రమాన్ని వెతకమని ఆయన చెవిని అడగలేదు.

మరో అమెరికా స్వరకర్త స్టీవ్ రైక్ ‘పియానో ఫేజ్’ (1967) మాస్టారికి వెంటనే పట్టుబడింది. మొదట 12 స్వరాల ముక్కను ఇద్దరు కలిసి వాయిస్తారు, తర్వాత ఒకరు మెల్లగా వేగం పెంచి ఒక్కో స్వరం ముందుకు జరుగుతారు. కొత్తవాళ్లు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది.

కానీ నన్ను వదలనిది గ్రీకు స్వరకర్త ఇయానిస్ జెనాకిస్. బూలెజ్ తరహా చిక్కు లెక్క చెవికి ఒట్టి స్వరాల ముద్దగా వినిపిస్తుందని 1955లోనే ఆయన రాశాడు. ఆ వెంటనే ‘పితోప్రక్త’ అనే రచనలో 46 తంత్రీవాద్యాలకు వేర్వేరుగా రాసి, గుంపు నడకను సంభావ్యత సూత్రాలకు అప్పగించాడు. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసురా జలాంతర్గామి ఎదురుగా నిలబడితే ఏ అల ఎంతదాకా వస్తుందో చెప్పలేం. సముద్రం పొంగుతోందా, తగ్గుతోందా అన్నది మాత్రం తెలుస్తూనే ఉంటుంది. ఈ రచనలోనూ అంతే. ఒక్కో చప్పుడు ఊహకు అందదు, మొత్తం అందుతుంది.

మొదట్లో వాద్యాల చెక్క మీద తట్టే చప్పుళ్లుంటాయి. అవి రాగానే మాస్టారు కళ్లు మూసుకున్నారు. "రేకుల మీద వాన మొదలైనట్టుంది. మొదటినుంచి మళ్లీ పెట్టు బాబూ," అన్నారు.